అక్కడే పుట్టాడు, అక్కడే పెరిగాడు... రుజువేదీ?

"అక్కడ పుడితే అక్కడి సిటిజనే కదా!"

మా ఇంట్లో పదేళ్ళపాటు అందరూ నమ్మిన మాట ఇది. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, పెళ్ళయ్యాక బావతో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళింది. 2014 ఏప్రిల్ 9న అక్కడి ఆసుపత్రిలో చిన్నోడు పుట్టాడు. తెనాలిలో పెద్దమ్మ వీధంతా స్వీట్లు పంచుతూ "మా మనవడు బ్రిటిష్ వాడు" అని కూడా చెప్పేసింది. వాడి చేతిలో మాత్రం ఇండియా పాస్‌పోర్టే ఉంది. అందులో అమ్మానాన్నల వీసాతో ముడిపడిన ఒక వీసా. ఎందుకలా అని మాలో ఎవరూ అడగలేదు.

2024 ఏప్రిల్లో వాడికి పదేళ్ళు నిండాయి. ఆ వారంలోనే అక్క వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్సే కదా, నాకో ఎక్సెల్ షీట్ చేసిపెట్టాలి. పదేళ్ళలో వీడు ఎప్పుడెప్పుడు ఎక్కడున్నాడో రోజులతో సహా కావాలి."

పది నిమిషాల పని అనుకున్నా. మూడు నెలల ఆదివారాలు పట్టింది. ఆ మూడు నెలల్లో తెలుసుకున్నదే ఈ వ్యాసం. మన సీనియర్లు ప్రతి సెప్టెంబరుకీ, జనవరికీ యూకే విమానం ఎక్కుతూనే ఉన్నారు. వాళ్ళలో కొందరికి అక్కడే పెళ్ళిళ్ళవుతాయి, పిల్లలు పుడతారు. అప్పుడు ఎవరో ఒకరు మీకూ ఇలాగే ఫోన్ చేస్తారు. లేదా ఆ ఫోన్ చేసేది మీరే కావచ్చు.

పుడితే చాలదా?

అమెరికాలో పుట్టిన పిల్లలకి దాదాపు అందరికీ పుట్టుకతోనే పౌరసత్వం వస్తుంది. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసింది ఆ కథే. దాన్నే యూకేకి కూడా అంటించేశాం. నిజానికి యూకేలో కూడా ఒకప్పుడు అంతే. కానీ 1981లో చేసిన బ్రిటిష్ నేషనాలిటీ యాక్ట్ 1983 జనవరి 1న అమల్లోకి వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఆ తేదీ నుంచి యూకేలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు కావాలంటే, పుట్టే సమయానికి అమ్మానాన్నల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి పొంది ఉండాలి. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా ఉన్నవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

అలాగని ఆ పిల్లలకి దారి మూసెయ్యలేదు. అదే చట్టంలో రెండు దారులున్నాయి.

మొదటిది సెక్షన్ 1(3). బిడ్డకి పద్దెనిమిదేళ్ళు నిండేలోపు అమ్మకో నాన్నకో శాశ్వత నివాసం గానీ పౌరసత్వం గానీ వస్తే, బిడ్డని బ్రిటిష్ పౌరుడిగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. దీనికి వాడే ఫారం పేరు ఎంఎన్ 1. ఎక్కువమంది తెలుగువాళ్ళ పిల్లలు వెళ్ళే దారి ఇదే.

రెండోది సెక్షన్ 1(4). అమ్మానాన్నల వీసా ఏదైనా సరే, మధ్యలో తెగిపోయినా సరే, యూకేలో పుట్టిన బిడ్డ మొదటి పదేళ్ళూ అక్కడే పెరిగితే, పదేళ్ళు నిండాక తన సొంత హక్కుతో పౌరుడిగా రిజిస్టర్ కావచ్చు. ఒక్కటే షరతు. ఆ పదేళ్ళలో ఏ ఒక్క ఏడాదిలోనూ 90 రోజులకి మించి దేశం బయట ఉండకూడదు. దీనికి ఫారం టి. పదేళ్ళు నిండాక దీనికి గడువంటూ లేదు. పద్దెనిమిది దాటిన తర్వాత కూడా పెట్టుకోవచ్చు.

బావ ఉద్యోగం ఒకసారి పోయింది. కొత్త స్పాన్సర్ దొరికేలోపు గడువు దాటిపోయి, శాశ్వత నివాసానికి కావాల్సిన ఐదేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. అందుకే మొదటి దారి ఎప్పటికప్పుడు ముందుకి జరుగుతూనే ఉంది. రెండో దారి మాత్రం బావ ఉద్యోగం కోసం ఆగలేదు. అది చిన్నోడి పుట్టినరోజులతో పాటు నిశ్శబ్దంగా నడుస్తూ వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ రెండు దారులూ యూకేలో పుట్టిన పిల్లలకే. రెండేళ్ళ వయసులో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన బిడ్డ అక్కడ ఇరవయ్యేళ్ళు ఉన్నా 1(4) కిందకి రాడు. వాళ్ళ నియమాలు వేరు.

హక్కు వేరు, రుజువు వేరు

అక్క మొదట్లో అన్న మాట ఇది: "వీడు ఇక్కడే ఉన్నాడని వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. ఇంకేం రుజువు?"

అదే చిక్కు. చట్టం హక్కిచ్చింది. కానీ దరఖాస్తు చూసే అధికారికి మన వీధి తెలీదు. ఆయన ముందుండేది పది ఖాళీ గడులు. ఒక్కో గడి ఒక్కో ఏడాది. ప్రతి గడిలోనూ "ఈ బిడ్డ ఈ సమయంలో ఈ దేశంలో ఉన్నాడు" అని మూడో మనిషి రాసిన, తేదీ ఉన్న కాగితం కావాలి.

మన భాషలో చెప్పాలంటే ఇది శాంప్లింగ్ లాంటిది. బిడ్డ జీవితం ఆగకుండా సాగే సిగ్నల్. కాగితాలేమో అక్కడక్కడా దొరికే శాంపిళ్ళు. రెండు శాంపిళ్ళ మధ్య దూరం ఎక్కువైతే ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. అందుకని నేను షీట్‌లో మొదట చేసిన పని కాగితాలు పోగెయ్యడం కాదు, పది వరసలు గీయడం. 2014 ఏప్రిల్ 9 నుంచి 2015 ఏప్రిల్ 8 వరకు మొదటి వరస. అలా 2024 ఏప్రిల్ 8తో ముగిసే పదో వరస. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజు. ఈ ఒక్క విషయం తర్వాత మా కొంప ఎలా నిలబెట్టిందో ముందు ముందు చెప్తా.

బీరువాలో ఎర్ర పుస్తకం

బడికి వెళ్ళే వయసొచ్చాక రుజువులకి కొదవ ఉండదు. కష్టమంతా మొదటి మూడు నాలుగేళ్ళే. పాలు తాగే బిడ్డకి జీతం చిట్టీ ఉండదు, కరెంటు బిల్లు ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు.

ఆ వయసుకి యూకేలో ఒకే ఒక్క గట్టి ఆధారం ఉంటుంది. పిల్లల ఆరోగ్య వివరాలు రాసే పుస్తకం. అట్ట ఎర్రగా ఉంటుంది కాబట్టి అక్కడ అందరూ రెడ్ బుక్ అనే అంటారు. హెల్త్ విజిటర్ అనే నర్సు ఇంటికొచ్చి చూసిన రోజు, బరువు తూచిన రోజు, టీకా వేసిన రోజు, అన్నీ తేదీలతో అందులో పడతాయి. మావాడి రోజుల్లో టీకాలు 8, 12, 16 వారాలకి, ఏడాదికి, తర్వాత మూడేళ్ళ నాలుగు నెలలకి ఉండేవి. పుట్టిన 10 నుంచి 14 రోజుల్లో ఒకసారి, 6 నుంచి 8 వారాలకి ఒకసారి, ఏడాది దగ్గర ఒకసారి, రెండు రెండున్నర ఏళ్ళప్పుడు ఒకసారి ఎదుగుదల పరీక్షలు.

"రెడ్ బుక్ ఏదక్కా?" అని అడిగితే అక్క ముఖం మాడిపోయింది. ఇల్లంతా వెతికారు. లేదు. మూడిళ్ళు మారారు, ఎక్కడో పోయుంటుంది అనుకున్నారు.

రెండు వారాల తర్వాత పెద్దమ్మ ఫోన్లో మాట్లాడుతూ మామూలుగా అంది: "ఆ ఎర్ర పుస్తకమా? మన బీరువాలోనే ఉందిగా."

2020లో అక్కా చిన్నోడూ తెనాలిలో ఉన్నప్పుడు వాడికి జ్వరమొచ్చింది. ఏ టీకాలు వేశారో డాక్టరుకి చూపించడానికి ఆ పుస్తకం తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు హడావుడిలో మర్చిపోయారు. పెద్దమ్మ దాన్ని పొలం పాస్ పుస్తకం, బంగారం తాకట్టు రసీదుల మధ్య భద్రంగా దాచింది. ముఖ్యమైన కాగితం అని ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలిసింది. నేను విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్ళి, ప్రతి పేజీ స్కాన్ చేసి, పుస్తకాన్ని రిజిస్టర్డ్ కొరియర్లో పంపించా.

స్కాన్ చేస్తుంటే ఒక పేజీ కనపడింది. అంతా నర్సుల ఇంగ్లిష్ రాతల మధ్య పెద్దమ్మ తెలుగు రాత. 2020 ఏప్రిల్లో ఏ రోజు ఎన్ని డిగ్రీల జ్వరం, ఏ గంటకి ఎన్ని మిల్లీలీటర్ల సిరప్. తెనాలిలో ఉన్న రోజుల లెక్క అది. దాని సంగతి తర్వాత చెప్తా.

ఖాళీ గడులు ఎలా నింపాం

రెడ్ బుక్ దొరికాక కూడా రెండో ఏడాది దాదాపు ఖాళీగానే ఉంది. 2015 మేలో ఏడాది టీకా, ఆ తర్వాత 2016 జూన్‌లో రెండేళ్ళ పరీక్ష. మధ్యలో పదమూడు నెలలు ఏమీ లేవు.

అక్కడ ప్రతి కుటుంబానికీ జీపీ అనే డాక్టరు దగ్గర నమోదుంటుంది. ఆ సర్జరీ వాళ్ళని చిన్నోడి రికార్డు కాపీ అడిగాం. మన గురించి ఎవరి దగ్గర ఏ సమాచారం ఉందో దాన్ని అడిగి తీసుకునే హక్కు అక్కడి డేటా రక్షణ చట్టంలో ఉంది. మామూలుగా దీనికి ఫీజు లేదు, నెలలోపు ఇవ్వాలి. ప్రత్యేకంగా ఉత్తరం రాసివ్వమంటే కొన్ని సర్జరీలు డబ్బులు తీసుకుంటాయి. రికార్డు కాపీకైతే అక్కర్లేదు. అందులో 2015 నవంబరులో చెవిపోటుకి మందు రాసినట్టు దొరికింది. ఇంకోటి 2016 జనవరిది. వాడు ముక్కులో శనగగింజ దూర్చుకుని అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళిన ఉత్తరం. "ఆ రాత్రి నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికి పనికొచ్చింది" అని అక్క నవ్వింది.

నాలుగో ఏడాదికి నర్సరీ ఉంది. ఇంగ్లండ్‌లో మూడేళ్ళు నిండాక వచ్చే టర్మ్ నుంచి వారానికి 15 గంటలు నర్సరీ ఉచితం. వాడు 2017 సెప్టెంబరులో చేరాడు. కానీ ఆ నర్సరీ తర్వాత మూతబడింది. ఉత్తరం ఇచ్చేవాళ్ళే లేరు. అక్క పాత మెయిల్స్ అన్నీ తవ్వితే, అదనపు గంటలకి కట్టిన డబ్బుల బిల్లులు పిల్లాడి పేరుతో దొరికాయి. వాటికి సరిపోయే బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశాం.

2018 సెప్టెంబరు నుంచి బడి. స్కూల్ ఆఫీసుకి మెయిల్ పెట్టేటప్పుడు "బోనఫైడ్ ఇవ్వండి" అంటే వాళ్ళకి అర్థం కాదు. ఏమేం కావాలో విడివిడిగా రాయాలి. పిల్లాడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇప్పటికీ చదువుతున్నాడా, వాళ్ళ రికార్డులో ఉన్న అడ్రస్సు, ఏడాది వారీగా హాజరు, లెటర్‌హెడ్ మీద సంతకం. అలా రాస్తే వారంలో వచ్చేసింది. ప్రతి ఏడాదీ ఇచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులూ పెట్టాం.

ఇంకో సంగతి. చాలా చోట్ల చెప్పే జాబితాల్లో చైల్డ్ బెనిఫిట్ ఉత్తరం మొదట్లోనే ఉంటుంది. మామూలుగా స్టూడెంట్, వర్క్ వీసాల మీద ఉన్నవాళ్ళు ప్రభుత్వ నిధుల నుంచి వచ్చే ఆ సాయం తీసుకోకూడదు. కాబట్టి మనవాళ్ళ దగ్గర ఆ ఉత్తరం ఉండదు. లేదని కంగారు పడక్కర్లేదు. దాని బదులు వేరే కాగితం వెతుక్కోవాలి, అంతే.

మొత్తం పోగేశాక అర్థమైంది ఏమిటంటే, కాగితాలన్నీ ఒకే బరువువి కావు.

గట్టివి: రెడ్ బుక్, డాక్టరు రికార్డులు, ఆసుపత్రి ఉత్తరాలు, పళ్ళ డాక్టరు రికార్డు, నర్సరీ, స్కూలు ఉత్తరాలు. ఇవి పిల్లాడి పేరు మీద, బయటివాళ్ళు రాసినవి.

తోడుగా ఉండేవి: అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ బిల్లు, బావ జీతం చిట్టీలు. ఇవి అమ్మానాన్నలు అక్కడ ఉన్నారని చెప్తాయి గానీ బిడ్డ అక్కడే ఉన్నాడని చెప్పవు. మన దగ్గర పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళే అలవాటు ఉందని వాళ్ళకీ తెలుసు.

బలం లేనివి: ఫోటోలు. ఆల్బమ్ మొత్తం పెడతానని బావ అంటే వద్దన్నాం. కేకు ముందు కూర్చున్న పిల్లాడి ఫోటో లెస్టర్‌లోనూ ఒకటే, తెనాలిలోనూ ఒకటే.

158 రోజులు

ఇప్పుడు అసలు గండం.

ఇండియా ప్రయాణాలు నాలుగు. పుట్టువెంట్రుకలకి ఒకసారి, పెళ్ళికి ఒకసారి, 2022 వేసవి సెలవులకి ఒకసారి. ఈ మూడింటితో ఇబ్బంది లేదు. ఏదీ 45 రోజులు దాటలేదు. నాలుగోదే 2020 నాటిది. పెద్దనాన్న ఆపరేషన్ కోసం అక్కా చిన్నోడూ ఫిబ్రవరి 12న బయల్దేరారు. తిరుగు టికెట్ మార్చి 30కి. మార్చి చివరి వారానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, లాక్‌డౌన్ వచ్చింది. జులై 20న ఒక ప్రత్యేక విమానంలో గానీ తిరిగి వెళ్ళలేకపోయారు.

ఎక్కిన రోజు, దిగిన రోజు తీసేసి మధ్యలోని పూర్తి రోజులే లెక్కేస్తే 158. నిబంధన 90. ఎవరో తెలిసినాయన "ఇంక వదిలెయ్యండి, రాదు" అనేశాడట. ఆ రాత్రి అక్క గొంతు నాకు బాగా గుర్తుంది. "నేను వెళ్ళకుండా ఉండాల్సిందారా? నాన్నకి ఆపరేషన్ అంటే ఎలా ఉంటాను?"

అప్పుడు షీట్ తెరిచా. ఏడాది అంటే పుట్టినరోజు నుంచి పుట్టినరోజు అన్నాం కదా. వాడి పుట్టినరోజు ఏప్రిల్ 9. అంటే ఆ ప్రయాణం ఒకే ఏడాదిలో లేదు. ఫిబ్రవరి 13 నుంచి ఏప్రిల్ 8 వరకు 56 రోజులు ఆరో ఏడాదిలో పడ్డాయి. ఏప్రిల్ 9 నుంచి జులై 19 వరకు 102 రోజులు ఏడో ఏడాదిలో పడ్డాయి. ఆరో ఏడాది క్షేమం. ఏడో ఏడాదిలో దాటింది 68 కాదు, 12 రోజులు.

పన్నెండైనా దాటినట్టే కదా? అవును. ఇక్కడే హక్కు ఆగి విచక్షణ మొదలవుతుంది. అదే చట్టంలో సెక్షన్ 1(7) ఉంది. 90 దాటినా, పరిస్థితులు చూసి అంగీకరించే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. హోం ఆఫీస్ తన అధికారులకి ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి ఒక కొలత ఉంది. ఏ ఏడాదిలోనూ 180 రోజులు దాటకుండా, పదేళ్ళ మొత్తం 990 దాటకుండా ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. అది కూడా దాటితే, తీవ్రమైన అనారోగ్యం లాంటి, కుటుంబం చేతిలో లేని కారణం ఉందా అని చూస్తారు. మావాడి మొత్తం నాలుగు ప్రయాణాలకీ కలిపి 278 రోజులు.

దీనికి రుజువు పాస్‌పోర్టు ముద్రలు. ఇండియా పాస్‌పోర్టు చిన్నపిల్లలకి ఐదేళ్ళకే ఇస్తారు. అంటే పదేళ్ళలో రెండు పాస్‌పోర్టులు. కొత్తది వచ్చాక మూల కత్తిరించి ఇచ్చిన పాతదాన్ని చాలామంది పారేస్తారు. పారెయ్యకండి. మొదటి ఐదేళ్ళ ప్రయాణాలన్నీ అందులోనే ఉంటాయి. ముద్రలతో పాటు రద్దయిన టికెట్ మెయిల్, పెద్దనాన్న డిశ్చార్జ్ సమ్మరీ, జులై టికెట్ కూడా పెట్టాం. ఏం జరిగిందో ఒక పేజీలో, ఏ అలంకారం లేకుండా రాశాం.

ఇక పెద్దమ్మ రాసిన జ్వరం పేజీ. బావ "ఆ పేజీ తీసేద్దాం, వాడు ఇక్కడ లేడని మనమే చెప్పినట్టవుతుంది" అన్నాడు. బావ భయం నాకు అర్థమైంది. కానీ అక్క ఒప్పుకోలేదు. "లేని రోజులు లేడనే చెప్తాం. ఉన్న రోజులు నమ్మాలంటే అదే దారి" అంది. అక్క మాటే సరైనది. లేని రోజుల్ని దాస్తే దరఖాస్తు పోవడమే కాదు, ముఖ్యమైన విషయం దాచి పొందిన పౌరసత్వాన్ని ఏళ్ళ తర్వాత కూడా వెనక్కి తీసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. పుస్తకం మొత్తం పెట్టాం, తెలుగు పేజీతో సహా. కింద ఇంగ్లిష్ అనువాదం జత చేశాం.

ఫారం, సాక్షులు, ఫీజు

పుట్టిన ధ్రువపత్రం పూర్తి రూపంలో ఉన్నది కావాలి. అక్కడ చిన్న సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. అందులో అమ్మానాన్నల పేర్లుండవు. అది చాలదు. పూర్తి కాపీని తర్వాతైనా తెప్పించుకోవచ్చు.

సాక్షులు ఇద్దరు కావాలి. పిల్లాణ్ణి కనీసం మూడేళ్ళుగా స్వయంగా ఎరిగినవాళ్ళు, బంధువులు కానివాళ్ళు. ఒకరు టీచరు, హెల్త్ విజిటర్ లాంటి వృత్తిలో ఉండి, ఆ వృత్తిరీత్యానే బిడ్డని చూసినవాళ్ళు కావాలి. మావాడికి స్కూల్ టీచరే సంతకం పెట్టింది. రెండోవాళ్ళకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలి. పక్కింటి గుజరాతీ ఆంటీ పెట్టారు. చిన్నోడు ఆవిడ చేతి థేప్లాలు తిని పెరిగినవాడే.

పదేళ్ళు దాటినవాళ్ళకి సత్ప్రవర్తన నిబంధన కూడా వర్తిస్తుంది. పదేళ్ళ పిల్లాడికి సత్ప్రవర్తన ఏమిటని నవ్వుకున్నాం గానీ, ఫారంలో ఆ ప్రశ్నలు ఉంటాయి, నిజాయితీగా జవాబివ్వాలి.

ఫీజు 2024లో 1,214 పౌండ్లు. మన డబ్బుల్లో లక్షా పాతికవేల పైమాటే. అంతకుముందు 1,012 ఉండేది. పిల్లల తరఫున దాని మీద కోర్టుకెళ్ళారు. 2022 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజు చట్టబద్ధమే అని తేల్చింది. అయితే అదే ఏడాది జూన్ నుంచి, నిజంగా కట్టలేని కుటుంబాల పిల్లలకి ఫీజు మాఫీ అడిగే వీలు వచ్చింది. కట్టలేం కాబట్టి వదిలేద్దాం అనుకునేవాళ్ళకి ఈ మాట తెలియాలి.

ఇంకో మాట. వాట్సాప్ గ్రూపుల్లో "మేం చేసిపెడతాం" అనేవాళ్ళు ఉంటారు. యూకేలో డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే లాయరైనా కావాలి, లేదా ప్రభుత్వ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైనా ఉండాలి. ఆ నమోదు చూపించమని అడగండి. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పెట్టే ముందు అక్కడి ప్రభుత్వ సైటులో సరిచూసుకోండి. నా వ్యాసం దారి చూపిస్తుంది, లాయర్‌కి బదులు కాదు.

ఇండియా వైపు ఏమవుతుంది?

ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం. ఇండియా రెండు పౌరసత్వాలని ఒప్పుకోదు. బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక ఇండియా పాస్‌పోర్టు అప్పజెప్పాలి. రాకపోకలకి ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. దాంతో వీసా లేకుండా ఎప్పుడైనా రావచ్చు. కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. ఈ మాట విని పెద్దమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాడు వస్తూ పోతూ ఉంటే చాలు" అంది.

అలాగే, అక్కడ పుట్టిన బిడ్డకి ఇండియా పౌరసత్వం కూడా దానంతటదే రాదు. ఏడాదిలోపు అక్కడి భారత హైకమిషన్ దగ్గర గానీ కాన్సులేట్ దగ్గర గానీ పుట్టుక నమోదు చేయించాలి. అక్కా బావా అది సమయానికి చేయించారు కాబట్టి పదేళ్ళపాటు వాడికి ఏదో ఒక దేశం పాస్‌పోర్టు చేతిలో ఉంది.

ఒక డబ్బా కొనండి

సెప్టెంబరులో దరఖాస్తు పెట్టారు. వేలిముద్రలకి, ఫోటోకి పిలిచారు. ఐదు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆమోదించారు.

వీడియో కాల్‌లో అందరం అరుస్తుంటే చిన్నోడు అయోమయంగా చూశాడు. "మావయ్యా, నేను ముందు నుంచీ ఇక్కడే ఉన్నాగా?" అన్నాడు. ఉన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికే మూడు నెలలు పట్టింది మాకు.

యూకే వెళ్తున్న సీనియర్లకి, అక్కడున్న మీ అక్కలకి, అన్నయ్యలకి ఇదొక్కటి చెప్పండి. బిడ్డ పుట్టిన వారమే మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా కొనాలి. రెడ్ బుక్, పూర్తి బర్త్ సర్టిఫికెట్, పాత పాస్‌పోర్టులు, ప్రతి డాక్టరు ఉత్తరం, ప్రతి నర్సరీ బిల్లు, ప్రతి స్కూలు రిపోర్టు అందులో పడెయ్యాలి. ఇండియాకి వచ్చిన ప్రతిసారీ బోర్డింగ్ పాసులూ అందులోకే. ఏడాదికోసారి, పుట్టినరోజు నాడు, కేకు కోసిన తర్వాత ఐదు నిమిషాలు కూర్చుని, ఆ ఏడాది బయట ఉన్న రోజులు ఒక కాగితం మీద రాసి అందులో వెయ్యాలి. అంతే. నా మూడు నెలల ఎక్సెల్ షీట్ అవసరం పడదు.

డబ్బా లేకపోతే మాత్రం, ముందు ఇండియాలో అమ్మమ్మ బీరువా వెతకండి.